పర్ణశాలల పండుగయందలి నాలుగు వృక్షములు - తెలుగు నామములు

యూదుల శరత్కాలపు పంటల పండుగకు హీబ్రూ భాషలో సుక్కోత్ అని పేరు. తెలుగు బైబిలు దానిని పర్ణశాలల పండుగ యన్నది. తిష్రీ మాసము 15వ దినమున మొదలై యేడు దినములు జరుగు నీ పండుగలో ఆకుపందిళ్ల క్రింద వసించుటతోపాటు నాలుగు వృక్షజాతులను చేతబట్టుట విధి. లేవీయకాండము 23వ అధ్యాయము దీనికి మూలము.

మూలములో మొదటిదానికిని మూడవదానికిని పేర్లు లేవు; మనోహరవృక్షఫలమనియు, దట్టమైన చెట్టుకొమ్మయనియు వర్ణనమాత్రమే కలదు. వానిని ఎత్రోగ్, హదస్ అని నిర్ణయించినది రబ్బీల సంప్రదాయము. తెలుగు అనువాదకులు వర్ణనను విడిచి దబ్బపండు, ఈతమట్ట, గొంజికొమ్మ, నిరవంజి అని పేర్లనే వాడిరి. కావున అనువాదముతోపాటు వ్యాఖ్యానము గూడ తెలుగులోనికి వచ్చినదని గ్రహింపవలెను.

ఈ నాలుగింటి యర్థమును లేవీయకాండముపై రచింపబడిన ప్రాచీన మిద్రాషు ఇట్లు వివరించుచున్నది. రుచి విద్యకు, పరిమళము సత్కార్యమునకు గుర్తులు. ఎత్రోగునకు రెండును గలవు. ఖర్జూరమునకు రుచియే కలదు, హదస్సునకు పరిమళమే కలదు. నిరవంజికి రెండును లేవు. జనులును ఇట్టివారే. అందరిని ఒక్కకట్టగా గట్టినప్పుడు ఒకరి లోపమును మరియొకరు పూరింతురు. వేరొక వ్యాఖ్య ననుసరించి ఎత్రోగ్ హృదయము, ఖర్జూరపుమట్ట వెన్నెముక, హదస్సు ఆకు కన్ను, నిరవంజి ఆకు పెదవి.

ఇక తెలుగు నామములను పరిశీలింతము. ఎత్రోగ్ సంస్కృతమున బీజపూరము, తెలుగున మాదీఫలము. దబ్బ యను మాట దానికి సమీపమే. ముదినేపల్లి, గుడివాడ ప్రాంతములవారికి సుపరిచితమైన ఈత ఖర్జూరమునకు సజాతి. రుచిగల పండు నిచ్చును గనుక సంకేతము చెడదు. గొంజి విషయ మట్లు కాదు. హదస్సు నేరేడు, జామల కుటుంబములోనిది. మన గొంజి నిమ్మకుటుంబపు పొద, దాని పండ్లు తినదగినవి. పరిమళమే గాని రుచి లేనిదను సంకేతము ఇచ్చట నిలువదు.

ఇది కేవలము నిఘంటు చర్చ కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు కడనున్న కొత్తరెడ్డిపాలెమునను, మచిలీపట్టణమునను యూదమత మవలంబించిన తెలుగువారు, బెనే ఎఫ్రాయిములు, కలరు. వీరినిగూర్చి యూలియా ఎగోరొవా, షాహిద్ పర్వేజుల గ్రంథము 2013లో వెలువడినది. రబ్బీల ధర్మశాస్త్రము ఒక జాతికి బదులు మరియొక జాతిని అంగీకరింపదు. తెలుగు పేరును నమ్మి గొంజిని గోసినవాడు శ్రద్ధ గలవాడే యైనను విధి నెరవేర్చినవాడు కాడు. అనువాదకుని యొక్క మాట ఆరాధకుని చేతిలో కొమ్మ యగుచున్నది. ప్రాచీన గ్రంథముల యందలి వృక్షనామములను శోధించువారు పదముతోపాటు చెట్టును గూడ చూడవలె ననుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.