నూట నలభై ఏళ్ల కంచుకోట... కూలిందిలా!

తాత ఓటేసిన పార్టీకే తండ్రి, తండ్రి ఓటేసిన పార్టీకే కొడుకు... ఇలా ఎన్ని తరాలు సాగుతుంది? అమెరికాలోని ఎలియట్ కౌంటీలో ఏకంగా 140 ఏళ్లు సాగింది!

కెంటకీ రాష్ట్రం తూర్పు కొండల్లో ఉంటుందీ ఊళ్ల గుంపు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే అనుకోండి. కాకపోతే జనాభా ఏడు వేల పైచిలుకే! ముఖ్యపట్టణం పేరు శాండీ హుక్. 1869లో కౌంటీగా ఏర్పడింది. 1872 నుంచి 2012 దాకా జరిగిన 36 అధ్యక్ష ఎన్నికల్లో ఒక్కసారి కూడా తప్పకుండా డెమోక్రాట్‌నే గెలిపించింది. ఆ దేశంలో ఇంకే కౌంటీకీ లేని రికార్డు ఇది.

1972 సంగతే చూడండి. రిచర్డ్ నిక్సన్ 50 రాష్ట్రాల్లో 49 గెలుచుకున్నాడు. ఎలియట్ మాత్రం ఓడిపోయిన జార్జ్ మెక్‌గవర్న్‌కే దాదాపు మూడింట రెండొంతుల ఓట్లేసింది. అంతకుముందే, 1964లో పౌరహక్కుల చట్టం వచ్చాక, దక్షిణాది తెల్లవాళ్లు డెమోక్రాట్లకు దూరం జరగడం మొదలుపెట్టారు. ఎలియట్ జనాభాలో 95 శాతానికి పైగా తెల్లవాళ్లే. అయినా కదల్లేదు. 2008లో బరాక్ ఒబామాకు సైతం 61 శాతం ఓట్లేశారు.

ఇంత అభిమానం ఎందుకంటే... పొగాకు. ఇక్కడివి చిన్న కమతాలు. 1930ల్లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం పొగాకుకు కోటాలు పెట్టి, ధరకు హామీ ఇచ్చింది. రెండు మూడెకరాల రైతుకు కూడా ఏటా ఇంత వస్తుందన్న ధీమా దొరికింది. అలా ఆ పార్టీ పేరు ఇంటి పేరులా అంటుకుపోయింది.

ఆ కోటాలను 2004లో చట్టం చేసి ఎత్తేశారు. అన్నిటికీ ఇదే కారణమనలేం గానీ, బంధం తెగిన కాలం మాత్రం అదే. అంకెలే చెబుతాయి. 2004లో జాన్ కెర్రీకి దాదాపు 70 శాతం. 2008లో ఒబామాకు 61. 2012లో అదే ఒబామాకు 49, బొటాబొటీ గెలుపు. 2016లో హిల్లరీ క్లింటన్‌కు 26! ట్రంప్‌కు 70. అంటే పన్నెండేళ్లలో లెక్క తిరగబడింది. ఒక్క రాత్రిలో జరిగింది కాదు.

ఈ మధ్యకాలంలో చుట్టుపక్కల చాలానే జరిగాయి. తూర్పు కెంటకీలో బొగ్గు గనులు మూతపడుతుంటే తప్పంతా ఒబామా ప్రభుత్వ నిబంధనలదేనన్న ప్రచారం హోరెత్తింది. 2015 చివర్లో ఆష్‌లాండ్‌లోని ఉక్కు కర్మాగారం కొలిమి ఆగింది. అదే ఏడాది పక్కనున్న రోవన్ కౌంటీలో ఓ మహిళా అధికారి స్వలింగ జంటలకు పెళ్లి లైసెన్సులు ఇవ్వనని జైలుకెళ్లింది. చర్చి, తుపాకీ, గర్భస్రావం... ఈ విషయాల్లో ఎలియట్ జనం మొదటి నుంచీ సంప్రదాయవాదులే. మారింది వాళ్లు కాదు, ఆ పార్టీయే అనేవాళ్లకు అక్కడ కొదవలేదు.

ఇంకో చిత్రం. ట్రంప్‌కు 70 శాతం వచ్చిన 2016లోనూ ఓటర్ల జాబితాలో డెమోక్రాట్లుగా నమోదైనవాళ్లే అత్యధికులు. కెంటకీలో ఓటరు తన పార్టీ ఏదో ముందే రాయించుకోవాలి. అభ్యర్థిని ఎంపిక చేసే ప్రైమరీలో ఆ పార్టీ వాళ్లే ఓటేయాలి. స్థానిక పదవులకు అసలు పోటీ డెమోక్రటిక్ ప్రైమరీలోనే ఉండేది మరి! అందుకే పేరు అక్కడ, ఓటు ఇక్కడ.

ఊరి మనిషి అనే మమకారం కూడా పోలేదు. రాష్ట్ర శాసనసభలో డెమోక్రాట్ల నేతగా పనిచేసిన రాకీ అడ్కిన్స్‌ది శాండీ హుక్కే. 2019లో గవర్నర్ పదవికి ఆ పార్టీ ప్రైమరీలో రెండో స్థానంలో నిలిచారాయన. అక్కడ గెలిచిన ఆండీ బెషీర్‌కు అసలు ఎన్నికలో ఎలియట్ ఆధిక్యం ఇచ్చింది. ఏడాది తిరిగేసరికి 2020 అధ్యక్ష ఎన్నికలొచ్చాయి. అదే జనం... ట్రంప్‌కు వేసిన ఓట్లు దాదాపు నాలుగింట మూడొంతులు. 2024లోనూ అక్కడ భారీ ఆధిక్యం ఆయనదే.