మెయిల్ వచ్చిందా అని ఫోన్ చూస్తూ కూర్చోవద్దు, ఆ కాపలా టెర్మినల్‌కి అప్పజెప్పండి

"రేపు ఉదయం 10 గంటలకు బెంగళూరులో ఇంటర్వ్యూ, హాజరు కాగలరు" అని రాత్రి 8 గంటలకు మెయిల్ వచ్చిందనుకోండి. తిరుపతిలో ఉన్న కుర్రాడు దాన్ని 9 గంటలకు చూస్తే నైట్ బస్సు ఎక్కేస్తాడు. తెల్లారి 7 గంటలకు చూస్తే? చూసినా ఒకటే, చూడకపోయినా ఒకటే. శ్రీకాళహస్తి నుంచి కుప్పం దాకా ఫైనల్ ఇయర్‌లో ఉన్నవాళ్లు, జాబ్ వెతుకుతున్నవాళ్లు ఇంటర్వ్యూకి పోవాలంటే ఎక్కువగా బెంగళూరో చెన్నైయో పోవాలి. కాబట్టి మనకి మెయిల్ గంట ఆలస్యమైతే ఒక బస్సు పోయినట్టే.

మరి ఫోన్‌లో నోటిఫికేషన్ రాదా అంటారా? వస్తుంది, కానీ ప్రతిసారీ టైముకి రాదు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి డోజ్ అనే ఏర్పాటు ఉంది. ఫోన్ కదలకుండా, స్క్రీన్ ఆఫ్‌లో ఉంటే చాలా యాప్‌ల బ్యాక్‌గ్రౌండ్ పనుల్ని అది వాయిదా వేస్తుంది. దాని మీద కొన్ని ఫోన్లు సొంత బ్యాటరీ సేవర్ కూడా పెట్టుకుంటాయి. పైగా షాపింగ్ ఆఫర్లు, ఓటీపీలు, న్యూస్‌లెటర్లు అన్నిటికీ అదే "టింగ్" శబ్దం. రోజుకి యాభై సార్లు మోగితే యాభై ఒకటోది ఎవరు చూస్తారు?

అందుకే ఇంట్లో మూలన పడున్న పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేసి, కమాండ్ లైన్ నుంచి మెయిల్‌బాక్స్‌కి కాపలా పెట్టడం ఎలాగో ఈ రోజు చూద్దాం.

ఐడియా పాతదే

1980లో బర్క్‌లీ యూనిక్స్‌తో "బిఫ్" అనే చిన్న ప్రోగ్రామ్ వచ్చింది. కొత్త మెయిల్ రాగానే టెర్మినల్‌లో చెప్పడమే దాని పని. ఆ పేరు అక్కడి క్యాంపస్‌లో తిరిగే ఒక కుక్కది. నేటికీ బ్యాష్ షెల్‌లో ఆ అలవాటు మిగిలే ఉంది. అదే మెషీన్‌లో ఉన్న మెయిల్ ఫైల్‌ని మామూలుగా 60 సెకన్లకోసారి చూసుకుని "కొత్త మెయిల్ ఉంది" అని చెప్పగలదు. కాకపోతే ఇప్పుడు మన మెయిల్ మన మెషీన్‌లో లేదు, ఎక్కడో సర్వర్‌లో ఉంది. అక్కడికి ఐమ్యాప్ అనే ప్రోటోకాల్ ద్వారా పోవాలి.

పదే పదే అడగడమా, కూర్చుని ఉండడమా?

తిరుమల క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్ గుర్తుంది కదా. ఐదు నిమిషాలకోసారి లేచి వెళ్లి "ఇప్పుడు వదులుతారా స్వామీ?" అని అడగడం ఒక పద్ధతి. గేటు తీసినప్పుడు వాళ్లే పిలుస్తారని కూర్చోవడం ఇంకో పద్ధతి. మొదటిది పోలింగ్, రెండోది ఐమ్యాప్‌లోని "ఐడిల్". 1997లోనే దీన్ని ప్రమాణంగా రాశారు. కనెక్షన్ తెరిచి ఉంచితే చాలు, మెయిల్ రాగానే సర్వరే చెబుతుంది.

ఇది వాడటానికి కోడ్ అంతా మొదటి నుంచి రాయక్కర్లేదు. "గోఐమ్యాప్‌నోటిఫై" అనే టూల్ ఐడిల్‌లో కూర్చుని, మెయిల్ రాగానే మీరు చెప్పిన కమాండ్ నడుపుతుంది. ఆ కమాండ్‌గా చిన్న పైథాన్ స్క్రిప్ట్ పెట్టుకోండి. పైథాన్‌తో పాటే వచ్చే "ఐమ్యాప్‌లిబ్" దీనికి సరిపోతుంది. పంపినవాళ్ల అడ్రస్, సబ్జెక్ట్ మాత్రం తెచ్చి చూడాలి. "ఇంటర్వ్యూ", "షార్ట్‌లిస్ట్" లాంటి మాటలుంటే స్పీకర్‌లో గట్టిగా అలారం మోగించాలి, లేదంటే గమ్మునుండాలి.

ఈ నాలుగూ మర్చిపోవద్దు

1. స్పామ్ ఫోల్డర్. ఐడిల్ ఒక కనెక్షన్‌కి ఒక్క ఫోల్డర్‌నే చూస్తుంది. ఇన్‌బాక్స్‌కి మాత్రమే కాపలా పెడితే స్పామ్‌లో పడ్డ ఇంటర్వ్యూ మెయిల్ సంగతి దానికి తెలియదు. అందుకే స్పామ్‌కి ఇంకో కనెక్షన్ పెట్టండి. జీమెయిల్ ఒక అకౌంట్‌కి ఒకేసారి 15 ఐమ్యాప్ కనెక్షన్ల దాకా ఒప్పుకుంటుంది, కాబట్టి ఇబ్బంది లేదు.

2. నిశ్శబ్దంగా తెగిపోవడం. ఐడిల్‌ని కనీసం 29 నిమిషాలకోసారి మళ్లీ మొదలుపెట్టాలని ప్రమాణమే చెబుతోంది. మొబైల్ హాట్‌స్పాట్‌లో అంతకంటే ముందే తెగిపోవచ్చు. 10 నిమిషాలు పెట్టుకోండి. ప్రోగ్రామ్ ఆగిపోతే దానంతటదే లేచేలా సిస్టమ్‌డీ సర్వీస్‌గా నడపండి. ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి పోకుండా సెట్టింగ్ మార్చండి.

3. చదవని మెయిల్ అన్న గుర్తును నమ్మొద్దు. ఫోన్‌లో పొరపాటున తెరిచినా అది చదివినట్టు అయిపోతుంది. ప్రతి మెయిల్‌కి సర్వర్ ఇచ్చే యూఐడీ నంబర్ ఉంటుంది. చివరగా చూసిన నంబర్‌ని ఫైల్‌లో రాసుకుని, దాని తర్వాతవన్నీ తెప్పించండి. కరెంటు పోయిన గంటలో వచ్చిన మెయిల్ కూడా అప్పుడు దొరుకుతుంది.

4. పాస్‌వర్డ్. వ్యక్తిగత జీమెయిల్ అకౌంట్లకి ఇలాంటి ప్రోగ్రామ్‌లలో మామూలు పాస్‌వర్డ్‌తో లాగిన్ అవడాన్ని గూగుల్ 2022 మేలో ఆపేసింది. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. దాంతో మీ మెయిల్ మొత్తం తెరవచ్చు. కాబట్టి ఆ ఫైల్ మీరు తప్ప ఎవరూ చదవకుండా పర్మిషన్ పెట్టండి. కాలేజీ ల్యాబ్ సిస్టమ్‌లో మాత్రం వద్దే వద్దు. కాలేజీ మెయిల్ ఐడీ అయితే యాప్ పాస్‌వర్డ్‌ని అడ్మిన్ ఆపి ఉండొచ్చు. అప్పుడు ఆ మెయిల్స్‌ని మీ సొంత అడ్రస్‌కి ఫార్వర్డ్ చేసుకోనిస్తారేమో కనుక్కోండి.

ఖర్చెంత?

పాత ల్యాప్‌టాప్ ఉంటే కరెంటు తప్ప వేరే ఖర్చు లేదు. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు 3 వాట్లు తీసుకుంటుందనుకుంటే రోజంతా నడిపినా నెలకి రెండు యూనిట్లకి కొంచెం పైన. కరెంటు పోతే రౌటర్ కూడా పోతుంది కాబట్టి దానికి చిన్న యూపీఎస్ ఉంటే మేలు. ఫోన్‌లో టెర్మక్స్ వేసి కూడా ఇదంతా చేయొచ్చు. కానీ బ్యాటరీ సేవర్ దాన్నీ వదలదు, కాబట్టి రోజూ వాడే ఫోన్‌ని ఈ పనికి నమ్ముకోలేం.

ఇంతకీ ఎవరికి?

బయట తిరిగేటప్పుడు ఇంట్లో అలారం మోగితే మీకు వినపడదు. ఇంట్లోవాళ్లకి "ఇది మోగితే నాకు ఫోన్ చేయండి" అని చెప్పిపెట్టండి. లేదా అదే స్క్రిప్ట్‌తో టెలిగ్రామ్ బాట్ ద్వారా మెసేజ్ పంపించుకోండి. అప్పుడు టెలిగ్రామ్ ఒక్కదానికి బ్యాటరీ సెట్టింగ్‌లో "అన్‌రిస్ట్రిక్టెడ్" ఇవ్వడం తప్పనిసరి.

కమాండ్ లైన్ జోలికి పోలేం అనేవాళ్లు కనీసం రెండు పనులు చేయండి. మీ మెయిల్ యాప్‌కి అదే అన్‌రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్ ఇవ్వండి. రోజూ రాత్రి 9 లోపు ఒకసారి స్పామ్ ఫోల్డర్ తెరిచి చూడండి. బెంగళూరు బస్సుకి అప్పటికింకా టైముంటుంది.