కారులో కంప్యూటరు: ఎంపికకు తగిన క్రమము

స్వహస్తములతో కారులో ఒక కంప్యూటరును అమర్చుకొని, దానిచేత పాటలు పాడించుకొనవలెననియు, దారి చూపించుకొనవలెననియు, ఇంజను స్థితిగతులను కనిపెట్టవలెననియు ఉత్సాహపడువారు సాధారణముగా ప్రాసెసరు వేగమును, మెమరీ పరిమాణమును ముందు విచారింతురు. ఇంటిలో బల్లమీద నుండు యంత్రమునకు ఆ క్రమము చెల్లును. కారులోనైతే విద్యుత్తు నిలకడగా నుండదు, వేడిమి దుస్సహము, కుదుపు నిరంతరము. కావున వీనికి తగిన ఏర్పాటు చేసికొనిన పిమ్మటనే వేగమును గూర్చి యోచింపవలెను.

బ్యాటరీ 12 వోల్టులదే యైనను, ఇంజను నడచునపుడు ఆల్టర్నేటరు వలన వోల్టేజి 14కు చేరువగా నుండును. స్టార్టరు మోటారు కదలిన క్షణమున అది 6, 7 వోల్టులకు జారిపోవచ్చును. చార్జింగు జరుగుచుండగా బ్యాటరీ తీగ ఊడినచో అనేక రెట్లు పైకెగయవచ్చును. రాస్బెర్రీ పై 4 వంటి చిన్న కంప్యూటరు బోర్డు కోరునదో, స్థిరమైన 5 వోల్టులు, 3 ఆంపియరులు. లైటరు సాకెట్టులో గ్రుచ్చు చవుక ఫోను చార్జరుతో ఈ పని నెరవేరదు. 6 మొదలు 30 వోల్టుల వరకు గ్రహింపగలిగి, వాహనములకై నిర్మింపబడిన డీసీ కన్వర్టరును కొనవలెను. బ్యాటరీకి అతి సమీపమున ఫ్యూజు నుంచవలెను.

ఇంజను ఆపి తాళపుచెవి తీసిన పిదప ఏమగునన్నది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న. అర ఆంపియరును మాత్రమే లాగు యంత్రమైనను దినమునకు 12 ఆంపియర్-గంటలను హరించును. 45 ఆంపియర్-గంటల బ్యాటరీ నాలుగు దినములైనను నిలువదు. అట్లని ఒక్కసారిగా విద్యుత్తును త్రెంచినచో, వ్రాత నడుమ నున్న మెమరీ కార్డు చెడిపోవచ్చును. తాళపుచెవి తీసినట్లు ఇగ్నిషను తీగ ద్వారా గ్రహించి, కంప్యూటరు సక్రమముగా మూతపడిన పిమ్మట సరఫరాను పూర్తిగా ఆపివేయు కంట్రోలరే ఇందులకు ఉపాయము.

ఇక కుదుపు, వేడిమి సంగతి. 1999లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నుండి ఎంపెగ్ సంస్థ లైనక్సుతో నడచు కారు సంగీతయంత్రమును వెలువరించినపుడు, పాటలను నిలుపుటకు తిరుగుడు హార్డుడిస్కే ఆధారము. 2001లో వీయా సంస్థ 17 సెంటీమీటర్ల చదరపు మినీ ఐటీఎక్స్ బోర్డును రూపొందింపగా, 2012లో అరచేత ఇమిడెడి రాస్బెర్రీ పై వచ్చినది. నేడు కుదుపున కోర్చు ఎస్ఎస్డీ సులభముగా లభించుచున్నది కనుక కదలు భాగములు గల డిస్కును విడుచుటయే మేలు. రాస్బెర్రీ పై బోర్డు 80 డిగ్రీల వేడికి చేరినంతనే తన వేగమును తానే తగ్గించుకొనును. రోహిణీకార్తె ఎండలో మూసియుంచిన కారునందు, ముందరి అద్దముక్రింద దానిని అమర్చుట దానికి ప్రమాదకరము. గాలి తగులు చోట, డాష్‌బోర్డునకు దిగువన నుంచవలెను. తెర కొనునపుడు వైశాల్యముకంటె కాంతిని చూడుడు: ఇంటి మానిటరుకు 250, 300 నిట్లు చాలును గాని, పట్టపగటి ఎండలో చదువుటకు 800 నిట్లైనను కావలెను.

సాఫ్ట్‌వేరునకు లైనక్సు అనుకూలము. సంగీతమునకు కోడి, ఇంటర్నెట్టు లేనిచోట సైతము ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటములతో దారిచూపు నావిట్ ఉచితముగా లభించును. ఇంజను సమాచారము నెరుగుటకు ఓబీడీ సాకెట్టులో ఈఎల్ఎమ్327 అడాప్టరును తగిలించిన చాలును. బ్యాటరీ తరుగకుండ, కారు నిలిపియుంచినపుడు దానిని ఊడదీయుట మంచిది. రాస్బెర్రీ పై ఓఎస్‌లో ఓవర్లే సదుపాయమును ప్రారంభించినచో, మార్పులన్నియు కార్డుమీద గాక మెమరీలోనే నిలుచును గాన కార్డునకు రక్ష చేకూరును.

ధనము పరిమితమైనచో కన్వర్టరునకు, మంచి తీగకు, ఫ్యూజునకు ముందుగా వెచ్చించి, మిగిలినదానితో బోర్డును కొనుడు. తెరను ఎయిర్‌బ్యాగు తెరచుకొను త్రోవకు దూరముగా నిలుపుడు; బండి కదలునపుడు నడుపువాని కంటికి చలనచిత్రము కనబడనీయకుడు.