బిల్లు

మన యిండ్లలో దినమున కొకమారైనను వినబడు నాంగ్లపదములలో ‘బిల్లు’ ఒకటి. పాలబిల్లు, కరెంటుబిల్లు, మందులషాపు బిల్లు అని పలుకుచునే యుందుము గాని, ఆ మాట యెక్కడిదని విచారింపము. దాని కథ విచిత్రమైనది.

లాటిను భాషలో ‘బుల్లా’ యనగా నీటిబుడగ. బుడగవలె గుండ్రనైన వస్తువులకును ఆ పేరే వచ్చినది. ప్రాచీన రోమునగరమున బాలుర మెడలో రక్షకై కట్టెడి తాయెత్తు బుల్లాయే. పిమ్మట పత్రములకు వ్రేలాడగట్టు సీసపుముద్రకును, ఆ ముద్ర గల పత్రమునకును ఆ పేరు సంక్రమించెను. పోపుగారి శాసనమును నేటికిని ‘బుల్’ అనుట యిందుచేతనే. ఆ మాటయే మధ్యయుగమున ‘బిల్లా’ యై, ఇంగ్లండున ‘బిల్’ అయి, మనకు బిల్లుగా దక్కినది. శాసనసభలోని బిల్లును, కిరాణాకొట్టులోని బిల్లును ఒకతల్లి బిడ్డలే.

రసీదు వేరు. అది పారసీకపదము, ‘చేరినది’ యని యర్థము. మన పెద్దలు దానిని చెల్లుచీటి యనిరి. ఈయవలసిన సొమ్మును బిల్లు చెప్పును. ఇచ్చిన సొమ్ము ముట్టినదని రసీదు చెప్పును. నేటి యంగళ్లలో రెండును తరచుగా నొకే కాగితముపై నుండును.

ఆ కాగితపు విలువ నేను నష్టపడి తెలిసికొంటిని. రెండేండ్ల క్రిందట నొక పట్టణమున మిక్సీ కొనగా, వర్తకుడు “బిల్లెందుకమ్మా! రెండు వందలు తగ్గిస్తా. ఏమన్నా అయితే నేను లేనా?” అనెను. ఆశపడి తలయూపితిని. మూడు మాసములకే యది మూలబడెను. తీసికొనిపోగా “మా అంగట్లోనే కొన్నారని ఏముందమ్మా?” అనెను. నాకు నోట మాట రాలేదు. మా వారు నన్నేమియు ననలేదు. అదియే నాకు మరింత బాధ.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలైలో అమలునకు వచ్చినది. బిల్లు గాని రసీదు గాని ఈయకుండుట అనుచిత వ్యాపారపద్ధతి యని యందున్నది. జి.ఎస్.టి. నమోదు గల వర్తకుడు 200 రూపాయలకు లోబడిన కొనుగోలునకు, మనము కోరనిచో బిల్లు ఈయకపోవచ్చును, కోరినచో ఈయవలయును. కావున నోరు తెరచి యడుగవలయును. అన్యాయము జరిగినచో 1915 సంఖ్యకు ఫోనుచేసి చెప్పుకొనవచ్చును.

మా కంభములో గంప నెత్తిన బెట్టుకొని కూరలు తెచ్చు అవ్వను బిల్లడుగుమని నా యభిప్రాయము కాదు. ఆమె లెక్కకు మార్కాపురపు పలక చాలును. కాని యేండ్ల తరబడి వాడవలసిన వస్తువును కొనునపుడు బిల్లు తప్పక తీసికొనుడు. అంగడిపేరు, తేది, వస్తువు, వెల సరిగా నున్నవేమో అచ్చటనే చూచుకొనుడు. ఈనాటి యంత్రపు బిల్లులలో అక్షరములు కొన్నాళ్లకు మాసిపోవును. ఇంటికి రాగానే ఫోనులో ఛాయాచిత్రము తీసి యుంచుకొనుట మేలు.

నోటిమాట నీటిబుడగ వంటిది. బిల్లు ముద్ర వంటిది. రెండు వందల కాశపడి నేను బుడగను నమ్మితిని. మీరు నమ్మకుడు.