సూదికి దారి చూపే ధ్వని

మందు ఎక్కించని సన్నని సూదిని కండరంలోకి గుచ్చి నొప్పి తగ్గించే పద్ధతి డ్రై నీడ్లింగ్. సూది ఎక్కడిదాకా దిగిందో తెరమీద చూస్తూ గుచ్చితే అది అల్ట్రాసౌండ్ గైడెడ్ డ్రై నీడ్లింగ్. దీర్ఘకాలపు నడుము నొప్పికి దీన్ని కొందరు నొప్పి వైద్యులు వాడుతున్నారు.

మొదట్లో సూదిలో మందు ఉండేది. అమెరికా అధ్యక్షుడు కెనెడీ నడుము నొప్పికి వైద్యం చేసిన జానెట్ ట్రావెల్, బిగుసుకున్న కండరంలో నొక్కితే ప్రాణం విలవిల్లాడే చోట్లను ట్రిగర్ పాయింట్లుగా గుర్తించి, వాటిలో ప్రొకెయిన్ అనే మత్తుమందు ఎక్కించేవారు. గుణం మందుదా, సూదిదా? 1979లో చెక్ వైద్యుడు కారెల్ లెవిట్ 241 మంది రోగుల్లో 312 చోట్ల వట్టి సూది గుచ్చిన ఫలితాలు ప్రకటించారు. 86.8 శాతం సందర్భాల్లో నొప్పి వెంటనే తగ్గింది. పోల్చడానికి మరో బృందం లేని పరిశీలన కనుక దాన్ని రుజువు అనలేం. కానీ సూది సరిగ్గా నొప్పి చోటనే తగలాలన్న ఆయన మాట నిలిచింది. నడుములో అదే కష్టం, లోపలి కండరాలు వేలికి అందవు.

వాటిని కంటికి అందించే యంత్రం కర్మాగారాల నుంచి వచ్చింది. స్కాట్లండ్‌లో ప్రసూతి వైద్యుడు ఇయాన్ డొనాల్డ్ 1955లో ఆపరేషన్లలో తీసిన కణుతులను కార్లలో వేసుకుని ఒక బాయిలర్ల కంపెనీకి వెళ్లారు. లోహంలో పగుళ్లు పట్టే అల్ట్రాసౌండ్ పరికరంతో వాటిని పరీక్షించారు. పోలికకు కంపెనీవాళ్లు సిద్ధం చేసింది ఓ పెద్ద గొడ్డుమాంసం ముక్క! 1958లో ఆయన బృందం 'లాన్సెట్' వైద్య పత్రికలో గర్భస్థ శిశువుల, కణుతుల చిత్రాలు ప్రచురించింది. అవి నిశ్చల చిత్రాలు. కదులుతున్న సూదిని చూడాలంటే, జరుగుతున్నది జరుగుతున్నట్టే చూపే యంత్రాలు రావాల్సి వచ్చింది.

ఒంటిమీద ఆనించి ధ్వనిని పంపి, తిరిగొచ్చే ధ్వనిని అందుకునేది ప్రోబ్. నడుముకు సాధారణంగా 2 నుంచి 5 మెగాహెర్ట్జ్ ప్రోబ్ వాడతారు. పౌనఃపున్యం తగ్గేకొద్దీ ధ్వని లోతుకు వెళ్తుంది, బొమ్మ స్పష్టత తగ్గుతుంది. వెన్నుపూస ఎముక తెల్లటి గీతలా, దాని వెనక భాగం నల్లటి నీడలా కనిపిస్తుంది. ఆ ఎముకను ఆనుకుని ఉండేది మల్టిఫిడస్ కండరం. పక్కన క్వాడ్రేటస్ లంబోరమ్ కండరం, దాని ముందు ఊపిరితో పాటు కదిలే మూత్రపిండం. సూదికి ఆ హద్దు చూపడమే యంత్రం చేసే అసలు మేలు. అయితే ప్రోబ్ కాస్త పక్కకు జరిగినా సూది తెరమీంచి మాయమవుతుంది. నిటారుగా గుచ్చితే ధ్వని తిరిగి ప్రోబ్‌కు చేరక, సూది మసకగానే కనిపిస్తుంది. అప్పుడు సూదిని కొద్దిగా ఆడించి చుట్టూ కండరం కదలికను బట్టి మొనను పసిగడతారు. సరైన చోట తగిలితే కండరం చటుక్కున అదరడం తెరపైనే కనిపిస్తుంది.

యంత్రం కండరాన్ని చూపుతుంది, నొప్పిని కాదు. ట్రిగర్ పాయింట్లపైనే వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. డ్రై నీడ్లింగ్‌తో నడుము నొప్పికి కొద్దికాలం ఉపశమనం దొరికినట్టు అధ్యయనాలున్నాయి. దీర్ఘకాలపు మేలుకు ఆధారాలు బలహీనం. గుచ్చినట్టు రోగిని నమ్మించే ఉత్తుత్తి సూదిని తయారుచేయడం కష్టం కావడం అందుకు ఒక కారణం. రక్తం పలుచబరిచే మందులు వాడేవారికి లోతైన సూదితో రక్తస్రావం ముప్పు ఉంది.

మన దేశంలో ఇంకో మెలిక ఉంది. గర్భంలో ఆడపిల్ల ఉందేమోనని వెతికే దురాచారాన్ని అడ్డుకునే 1994 నాటి చట్టం కింద, నడుములు మాత్రమే చూసే క్లినిక్ కూడా తన అల్ట్రాసౌండ్ యంత్రాన్ని నమోదు చేయించుకోవాలి.