ధర్మపురి నుంచి రెండు యూనివర్సిటీలు

తమిళనాడులోని ధర్మపురి నుంచి దక్షిణానికి బస్సెక్కితే సేలం. ఉత్తరంగా కృష్ణగిరి దాటి, రాష్ట్ర సరిహద్దు దాటితే ఆంధ్రప్రదేశ్‌లోని కుప్పం. సేలంలో పెరియార్ విశ్వవిద్యాలయం, కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉన్నాయి. రెండూ 1997లో పుట్టినవే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం నేర్చుకుని పెరిగిన ఈ ప్రాంతపు పిల్లలకు రెండూ అందుబాటులో ఉన్నవే.

యూనివర్సిటీలో ఉద్యోగమంటే చాలామందికి పాఠం చెప్పే పోస్టే గుర్తొస్తుంది. నోటిఫికేషన్లలో అంతకు మించి చాలా ఉంటాయి.

ముందుగా ప్రాజెక్టు పోస్టులు. ఒక ప్రొఫెసర్‌కు పరిశోధన కోసం నిధులు మంజూరైతే, ఆ పనికి జూనియర్ రీసెర్చ్ ఫెలోను తీసుకుంటారు. కేంద్ర విజ్ఞాన సాంకేతిక శాఖ 2023లో సవరించిన లెక్క ప్రకారం ఫెలోకు మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, సీనియర్ ఫెలో అయితే 42,000. ఈ ప్రకటనల్లో చివరన ఉండే చిన్న వాక్యాన్ని తప్పకుండా చదవాలి: పోస్టు తాత్కాలికం, ప్రాజెక్టుతోపాటే ముగుస్తుంది.

అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే పీజీతోపాటు జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో గానీ, రాష్ట్ర స్థాయి పరీక్ష సెట్‌లో గానీ అర్హత ఉండాలి. 2023 జూలై నుంచి ఈ స్థాయి నియామకానికి పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) వేతన స్కేలులో మూలవేతనం 57,700తో మొదలవుతుంది. నెట్‌లో రెండు పేపర్లు, 150 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు గంటల సమయం. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. పరీక్ష రాసే సబ్జెక్టుల్లో తెలుగూ ఉంది.

ఇక ఆఫీసు. రిజిస్ట్రార్, పరీక్షల కంట్రోలర్, ఫైనాన్స్ ఆఫీసర్ పైస్థాయి పోస్టులు. యూజీసీ నిబంధనల్లో అసిస్టెంట్ రిజిస్ట్రార్‌కు అర్హత 55 శాతం మార్కులతో పీజీ. పరిశోధనకూ ఈ ఆఫీసు సెక్షన్లకూ సంబంధం లేదనుకోవడం పొరపాటు. ప్రాజెక్టు నిధుల్లో ఖర్చయిన ప్రతి రూపాయికీ లెక్క చూపే వినియోగ ధ్రువపత్రం తయారయ్యేది ఇక్కడే. అది సకాలంలో నిధులిచ్చిన శాఖకు చేరకపోతే తర్వాతి విడత నిధులు ఆగిపోతాయి. రసాయనాలు కొనడానికి డబ్బుండదు, ఫెలోకు స్టైపెండ్ అందదు. ఫైలు కదిపే చేతికి ప్రయోగశాలలో అంత విలువ ఉంది.

సరిహద్దు జిల్లా వాళ్లు రిజర్వేషన్ విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. తమిళనాడులో రిజర్వేషన్ 69 శాతం. సేలంలో అక్కరకొచ్చే కమ్యూనిటీ సర్టిఫికెట్ కుప్పంలో చెల్లుతుందని అనుకోకూడదు. ఒక రాష్ట్రపు ఎస్సీ, ఎస్టీ హోదా మరో రాష్ట్రానికి వలస వెళ్లినంత మాత్రాన వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే ధర్మపురి అభ్యర్థి కుప్పం పోస్టుకు దరఖాస్తు చేసేముందు తాను ఏ కోటాలోకి వస్తాడో చూసుకోవాలి. చాలాసార్లు ఓపెన్ కేటగిరీలోనే పోటీ పడాల్సి వస్తుంది.

వయసు లెక్క కూడా పోస్టును బట్టి మారుతుంది. యూజీసీ నెట్‌లో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు (జేఆర్‌ఎఫ్) సాధారణ పరిమితి 30 ఏళ్లు. మహిళలకు, ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు సడలింపు ఉంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు మాత్రం గరిష్ఠ వయసు లేదు. పిల్లల్ని పెంచి, నలభై ఏళ్లకు మళ్లీ పుస్తకం పట్టిన తల్లి కూడా ఆ పరీక్ష రాయవచ్చు.