ప్రెయిరీ తేనెటీగలు

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున కోంజా అను ప్రెయిరీ గడ్డిమైదానము కలదు. 1970వ దశకము నుండి శాస్త్రజ్ఞులు దానిని చెక్కలుగా విభజించి, కొన్నింటికి ఏటేట, కొన్నింటికి 4 ఏండ్ల కొకమారు, మరికొన్నింటికి 20 ఏండ్ల కొకమారు నిప్పు పెట్టుచున్నారు. చూచుటకు క్రూరకార్యమే! కాని పెట్టనిచో చెట్లు పెరిగి గడ్డిని, పూలమొక్కలను కప్పివేయును.

మరి తేనెటీగల గతి యేమి? తేనెటీగ యనగానే మనకు తుట్టె స్ఫురించును. అచ్చటి స్వదేశపు ఈగలలో పెక్కింటికి తుట్టెయే లేదు. ఒక్కొక్క ఆడుయీగ నేలలో బొరియ త్రవ్వి, పుప్పొడిముద్దపై గ్రుడ్డు పెట్టును. గడ్డిమంట వేగముగ సాగిపోవును గనుక వేడిమి లోతునకు దిగదు. బొరియలోని పిల్ల బ్రదుకును. ఎండుకాడల బోలులో గూడు కట్టు ఈగలకు అట్టి రక్షణ లేదు. కాడతోపాటు పిల్లయు కాలిపోవును. అందుచేత మైదానమంతయు ఒక్కమారే కాల్చుట తగదు. కాలక మిగిలిన చెక్కనుండియే వాని సంతతి మరల వ్యాపింపవలెను.